గాలం కట్టుకుని... మద్దువలస నుంచి భావనపాడు దాకా

ఉత్తరాంధ్ర సముద్రం అనగానే చాలామందికి భీమిలి దగ్గరే బోర్డు పడిపోతుంది. ఆ పైన భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న తీరం మ్యాప్‌లో జూమ్ చేస్తే తప్ప కనిపించదు. విజయనగరం జిల్లాకి ఉన్నది 28 కిలోమీటర్ల తీరమే. శ్రీకాకుళానికి మాత్రం 193 కిలోమీటర్లు. రాష్ట్రంలో ఏ జిల్లాకీ ఇంత తీరం లేదు.

మాది విజయనగరం. ఉద్యోగం హైదరాబాద్‌లో, పని కోడింగ్. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నెలలో ఒక వారం ఇంటి దగ్గరే ఉంటాను. ఆ వారంలో శనివారం వచ్చిందంటే బండికి రాడ్డు కట్టుకుని చెరువో, మొగో, బీచో ఏదో ఒక వైపు బయల్దేరడమే. రెండేళ్ళుగా ఇదే వరస.

గాలం వేట మొదలెట్టే కుర్రాళ్ళంతా రాడ్డు గురించి, రీలు గురించే అడుగుతారు. యూట్యూబ్ రివ్యూలు కూడా వాటి మీదే. కానీ చేపకీ మనకీ మధ్య ఉండేది దారం ఒక్కటే. అది ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. తెగితే ఎక్కడ తెగాలో మనం ముందే చూసుకోవాలి. చెరువు దగ్గర ఒకలా, ఇసక తీరంలో ఒకలా, నది మొగలో ఒకలా, నడిసముద్రంలో ఇంకోలా. మన రెండు జిల్లాల్లోనే ఈ నాలుగు చోట్లూ ఉన్నాయి. ఒక్కోటీ చూసొద్దాం రండి.

ముందు మూడు దారాల సంగతి

షాపులో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది నైలాన్ దారం. ఒకే పోగు, కాస్త సాగుతుంది, చవక. నైలాన్‌ని అమెరికన్ కంపెనీ డ్యూపాంట్ 1938లో ప్రపంచానికి చూపించింది. అంతకుముందు మన దగ్గర కూడా పత్తి, జనపనార దారాలే. నీళ్ళలో కుళ్ళిపోకుండా వాటిని చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి ఆరేసేవాళ్ళు. ఇప్పుడు ఏ పేటకి వెళ్ళినా ఆ పని కనిపించదు.

రెండోది బ్రెయిడ్. సన్నటి పోగులు జడలా అల్లినది. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే ఒక రకం పాలిథిలిన్‌తో చేస్తారు. అదే మందంలో నైలాన్ కంటే చాలా బలం, దాదాపు సాగదు, నీళ్ళ మీద తేలుతుంది. చేప ముక్కుతో తట్టినా చేతికి తెలుస్తుంది. కానీ రాయికో, ముత్యపు చిప్పకో రాసుకుంటే సులువుగా తెగిపోతుంది.

మూడోది ఫ్లోరోకార్బన్. నైలాన్‌లాగే ఒకే పోగు, కానీ బరువు ఎక్కువ, గట్టిగా ఉంటుంది, నీళ్ళలో మునుగుతుంది. 'చేపకి అసలు కనపడదు' అని ప్యాకెట్ మీద రాస్తారు. అందులో సగమే నిజం. కాంతి వంగే లెక్క నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌కి 1.42, నైలాన్‌కి 1.53 దాకా. అంటే నైలాన్ కంటే తక్కువ కనిపిస్తుంది, మాయమైతే అవదు. ఖరీదు కూడా ఎక్కువే కాబట్టి రీలు నిండా చుట్టరు. గాలం దగ్గర మీటరో రెండు మీటర్లో కడతారు. ఆ ముక్కనే లీడర్ అంటారు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. ఒకే రకం దారంలో మందం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. ప్యాకెట్ మీద బలాన్ని పౌండ్లలో వేస్తారు. 10 పౌండ్లంటే నాలుగున్నర కిలోలు, 20 అంటే 9 కిలోలు.

చెరువు నీళ్ళు: మద్దువలస

రాజాం దాటి వంగర వైపు వెళ్తే మద్దువలస రిజర్వాయర్ వస్తుంది. నాగావళికి ఉపనది అయిన సువర్ణముఖి మీద కట్టారు. పొద్దున ఆరింటికి గట్టు మీద కూర్చుంటే కొంగల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. నెట్‌వర్క్ కూడా అంతంతమాత్రమే, అదొక సుఖం.

ఇలాంటి నీళ్ళలో ఉండేవి బొచ్చె, శీలావతి, జెల్ల, గట్టు వార నాచులో కొరమేను. చిన్న చేపలకి వెదురు గెడ, జీలుగు బెండు, 0.20 మిల్లీమీటర్ల నైలాన్ చాలు. దారం ఎంత సన్నగా ఉంటే బెండు అంత తొందరగా కబురు చెబుతుంది. రెండు మూడు కిలోల బొచ్చెకి 0.30 నుంచి 0.35 వేసుకోండి. ఇక్కడ నైలాన్ సాగే గుణం మనకి ప్లస్సు. చేప ఒక్కసారి గుంజితే ఆ దెబ్బని దారమే మింగుతుంది, మూతి చీలిపోదు.

కొరమేనుకి ఈ లెక్క తిరగబడుతుంది. అది తామరాకుల కింద, నాచు మధ్యన ఉంటుంది. గాలం మింగిన మరుక్షణం అడుగుకి దూరిపోతుంది. సాగే దారంతో దాన్ని బయటికి తేలేం. అక్కడ 30, 40 పౌండ్ల బ్రెయిడ్ కావాలి. కాడల్ని కోసుకుంటూ వచ్చేస్తుంది.

గట్టు మీద ఒక మావయ్య నా బ్రెయిడ్‌ని వేళ్ళతో రాసి చూశాడు. "ఏటి బావూ, కుట్టుమిషను దారంలాగుంది. ఇది తెగదేటి?" అన్నాడు. తెగదన్నాను. "మరి గాలం అడుగున మొద్దుకి తగులుకుంటే?" అని అడిగాడు. సరిగ్గా అసలు ప్రశ్న అదే. బ్రెయిడ్ చివర దానికంటే కాస్త తక్కువ బలమున్న నైలాన్ ముక్క రెండు జానలు కట్టుకుంటే, మొద్దుకి తగిలినా గాలం దగ్గరే తెగుతుంది. యాభై మీటర్ల దారం నీళ్ళలో ఉండిపోదు. ఇంట్లో ఫ్యూజు చేసే పనే ఇది.

ఇసక తీరం: ముక్కాం, చింతపల్లి

ఎయిర్‌పోర్టు పుణ్యమా అని భోగాపురం పేరు ఇప్పుడు అందరికీ తెలిసింది. అదే మండలంలో సముద్రం ఒడ్డున ఉంది ముక్కాం. ఇంకాస్త ఉత్తరంగా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి బీచ్. తెప్పలు ఒడ్డుకి లాగి పెట్టి ఉంటాయి, వాటి నీడన వలలు బాగు చేసేవాళ్ళు కనిపిస్తారు. సాయంత్రం నాలుగు దాటాక ఒడ్డు నుంచి గాలం విసరడానికి బాగుంటుంది.

ఇక్కడ సమస్య దూరం. అలలు విరిగే చోటు దాటి గాలం పడాలి. అంటే 80, 100 గ్రాముల సీసం గుండు కట్టి గట్టిగా విసరాలి. సన్నని దారమైతే గాలిని కోసుకుంటూ దూరం పోతుంది. కానీ విసిరే క్షణంలో గుండు లాగే బలానికి ఆ సన్న దారం ఆగదు. అక్కడే తెగితే సీసం గుండు రాయిలా ఎగిరిపోతుంది. బీచ్‌లో పిల్లలుంటారు, తెప్పల దగ్గర మనుషులుంటారు. తగిలితే ప్రాణం మీదకే వస్తుంది.

అందుకే షాక్ లీడర్. రీలు నిండా 0.35 నైలాన్ గానీ 20 పౌండ్ల బ్రెయిడ్ గానీ చుట్టుకుని, చివర్న మందమైన నైలాన్ కడతారు. లెక్క సులువు. ప్రతి 28 గ్రాముల సీసానికి 10 పౌండ్ల బలం. 100 గ్రాములకి 35 నుంచి 40 పౌండ్లు. పొడవు రాడ్డుకి రెండింతలు, ఇంకా రీలు మీద నాలుగైదు చుట్లు పడేంత. విసిరేటప్పుడు బరువంతా ఈ మందపు దారమే మోస్తుంది. బ్రెయిడ్ అయితే చూపుడు వేలికి ప్లాస్టరో, తోలు తొడుగో వేసుకోండి. లేకపోతే వేలు కోసేస్తుంది.

మొగ నీళ్ళు: కోనాడ, కళింగపట్నం

చింతపల్లికి దగ్గర్లోనే కోనాడ. చంపావతి సముద్రంలో కలిసేది ఇక్కడే. ఇంకా ఉత్తరానికి, శ్రీకాకుళం నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు వెళ్తే కళింగపట్నం. అక్కడ వంశధార కలుస్తుంది. ఒకప్పటి రేవు పట్నం, లైట్‌హౌస్ ఉంది. దారిలో శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ ఎక్కితే వంశధార ఒంపులన్నీ కింద కనిపిస్తాయి. వేటకి వెళ్ళకపోయినా ఆ కొండ ఒక్కటి చూసి రావొచ్చు.

మొగలో పోటు, పాటు చూసుకోవాలి. నీళ్ళు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చేప కదులుతుంది. కదలని నీళ్ళలో గంటలు గంటలు కూర్చోవాలి. ఇక్కడ అందరూ కలలు కనే చేప పండుగప్ప. పెద్ద నోరు, వెండి ఒళ్ళు. గాలం పడగానే నీళ్ళలోంచి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. దాని మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది. తల విదిలించినప్పుడు దారం ఆ అంచుకి తగిలిందా, అంతే సంగతులు. అడుగున రాళ్ళు, పాత మొద్దులు, వాటికి పట్టిన చిప్పలు మరో గండం.

కాబట్టి ఇక్కడ లీడర్ అరుగుదలకి తట్టుకోవాలి. 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్‌కి ఒకటిన్నర మీటర్ల 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ కడితే చాలు. బడ్జెట్ లేకపోతే 0.60 మందం నైలాన్ కూడా పనిచేస్తుంది. వానాకాలంలో వంశధార ఎర్రగా పారుతున్నప్పుడు ఆ నీళ్ళలో ఏ దారమూ చేపకి కనపడదు. అప్పుడు 'కనపడని దారం' కోసం ఖర్చు పెట్టడం దండగ.

రీలుకి డ్రాగ్ అని ఒక మర ఉంటుంది. చేప గట్టిగా లాగితే దారాన్ని కాస్త వదులుతుంది. దాన్ని దారం బలంలో పావు వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టుకోవాలి. 9 కిలోల దారమైతే రెండున్నర, మూడు కిలోలు. ఇంట్లో లగేజీ తూచే కాటా ఉంటే దారం కొస దానికి కట్టి లాగి చూసుకోవచ్చు.

అదే కాటాతో నేను ముడుల్ని కూడా పరీక్షించాను. 6 కిలోలని రాసున్న నైలాన్‌కి మామూలు ముడి వేసి లాగితే 4 కిలోల లోపే ముడి దగ్గర తెగింది. అదే దారానికి పాలోమార్ ముడి వేసి, ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగిస్తే 5 దాటింది. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే దెబ్బతింటుంది. బ్రెయిడ్ జారుడు ఎక్కువ కాబట్టి దానికి పాలోమార్ లాంటి రెండు పేటల ముడే వేయాలి. ఈ ముడి నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు.

నడిసముద్రం: భావనపాడు

టెక్కలి దాటి సంతబొమ్మాళి వైపు వెళ్తే నౌపడ ఉప్పు మళ్ళు, ఆ తర్వాత భావనపాడు. ఇక్కడికొచ్చేసరికి రాడ్డు, రీలు మాటే ఉండదు. ఫైబర్ తెప్ప, చేతిలో దారం, ఇంకేం లేదు.

ఈ తీరంలో పెద్ద హార్బర్లు లేక, వేటగాళ్ళు తరాలుగా వేరావల్, చెన్నై, పారాదీప్ వలస పోతున్నారు. 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన మన జాలర్ల కథే 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం. సినిమా చూసిన మీకు బోట్లు గుర్తుంటాయి. ఒడ్డున ఉండిపోయినవాళ్ళ చేతులు కూడా ఒకసారి చూడండి. అరచేతుల మీద దారం కోసిన గీతలు ఉంటాయి.

చేతి గాలానికి వాడేది ఒక మిల్లీమీటరు, ఆ పైన మందమున్న నైలాన్. బలం కోసమే అయితే అందులో సగం మందం చాలు. కానీ సన్న దారాన్ని చేత్తో పట్టి లాగితే కండ తెగిపోతుంది. అందుకే చేతి వేటకి బ్రెయిడ్ ఎప్పుడూ వాడకూడదు. కోనాం పళ్ళు కత్తెరలా ఉంటాయి, దానికి గాలం పైన జానెడు స్టీలు తీగ వేస్తారు. సూరకి పళ్ళు చిన్నవి, చూపు ఎక్కువ. తీగ కనిపిస్తే దగ్గరికి రాదు కాబట్టి ఉత్త నైలానే.

వీటన్నిటికంటే భయపడాల్సింది కొమ్ముకోనాం. ఈటెలాంటి ముక్కు, వంద కిలోలు కూడా తూగుతుంది. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గాలానికి పడిన కొమ్ముకోనాం, తాడు లాగుతున్న యువ మత్స్యకారుడిని సముద్రంలోకి లాక్కెళ్ళిపోయింది. ఆ వార్త చదివాక భావనపాడు వెళ్ళినప్పుడు తెప్ప నీడన కూర్చున్న ఒక తాతని అడిగాను.

"అంత పెద్ద చేప పడితే ఏం చేస్తారు తాతా?"

"ఏటి సేస్తాం నాయినా, ఒగ్గేస్తాం. దారం పోతే మల్లీ కొనుక్కుంటాం. మనిసి పోతే ఏటి కొంటాం?"

"వదలబుద్ధి అవుతుందా?"

ఆయన నవ్వాడు. "అవ్వదు. అందికే సెప్తన్నాను. సేతికి సుట్టుకోకు. సుట్టుకున్నోడు ఒగ్గలేడు."

తెప్ప మీద ఆయన దారం ఎలా పెట్టుకుంటాడో చూపించాడు. లాగిన దారం కాళ్ళ దగ్గర కుప్ప పడకూడదు. ప్లాస్టిక్ టబ్బులో చుట్లుచుట్లుగా పడాలి. కాలు ఆ చుట్టలో ఉండకూడదు. కత్తి చేతికి అందే చోట, ఎప్పుడూ అదే చోట. వేళ్ళకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కుంటాడు. అవి దారం కోతకి అడ్డం, అవసరమైతే దారంతో పాటు జారిపోతాయి కూడా. మద్దువలస గట్టు మీద ఫ్యూజు లాంటి నైలాన్ ముక్క చేసిన పనిని ఇక్కడ మనిషి చెయ్యే చేయాలి. చేత్తో పట్టే దారంలో తెగే చోటు వేరే ఉండదు.

దారం ఆరోగ్యం

దారం కొనడం ఒక రోజు పని, కాపాడుకోవడం రోజూ ఉండే పని. నేను పాటించేవి ఇవి.

వేట అయ్యాక రీలుని మంచినీళ్ళతో నెమ్మదిగా కడగండి. ఉప్పు నైలాన్‌ని తినేయదు కానీ, ఆరిన ఉప్పు గరుకు దారాన్ని గీస్తుంది, రీలు ఇనుముని తుప్పు పట్టిస్తుంది. కడిగాక నీడలో ఆరబెట్టండి.

నైలాన్‌కి అసలు శత్రువు ఎండ. మే నెలలో బండి మీదో, కారు అద్దం దగ్గరో రీలు వదిలేస్తే బలం తగ్గిపోతుంది, బయటికి మాత్రం ఏమీ తెలియదు. పాత బట్టలో చుట్టి చీకట్లో పెట్టండి. పెట్రోలు, దోమల మందు దగ్గర పెట్టకండి.

నైలాన్ నీళ్ళు పీల్చుకుంటుంది. తడిస్తే బలం కొంత తగ్గుతుంది. అందుకే ఇంట్లో పొడిగా పరీక్షించి ధీమాగా ఉండకండి, అరగంట నానబెట్టి లాగి చూడండి.

ప్రతి చేప తర్వాత చివరి రెండు మీటర్లు వేళ్ళ మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే అక్కడికి కోసేసి కొత్త ముడి వేయండి. పెదవితో చూస్తే చిన్న గీత కూడా తెలుస్తుంది.

రీలుని అంచు దాకా నింపొద్దు. అంచుకి రెండు మిల్లీమీటర్లు లోపల ఆపండి. ఎక్కువైతే చుట్టలు ఊడి చిక్కుపడతాయి, తక్కువైతే దూరం పడదు. బ్రెయిడ్ అయితే కింద కొంచెం నైలాన్ చుట్టి మొదలెట్టండి, లేకపోతే మొత్తం చుట్టే జారి తిరుగుతుంది.

మెలి పడిన దారాన్ని పారేయక్కర్లేదు. గాలం, గుండు అన్నీ తీసేసి పారే నీళ్ళలో ఉత్త దారాన్ని వదిలి, ఐదు నిమిషాలు ఉంచి చుట్టుకోండి. నాగావళి కాలవలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నైలాన్‌ని ఏడాదికొకసారి మార్చండి. బ్రెయిడ్ మూడు నాలుగేళ్ళు వస్తుంది. ఒక వైపు అరిగితే తిప్పి చుట్టుకోవచ్చు.

నీళ్ళలో మిగిలిన దారం

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. భావనపాడుకి దగ్గర్లోని తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు గూళ్ళు కట్టి, నౌపడ తంపరల్లో మేత వెతుక్కుంటాయి. నీళ్ళలో వదిలేసిన నైలాన్ పోవడానికి వందల ఏళ్ళు పట్టవచ్చని అంచనా. అన్నాళ్ళూ అది ఎవరో ఒకరి కాలికో, రెక్కకో, మెడకో తగులుకుంటూనే ఉంటుంది. గాలం దగ్గరే తెగేలా కట్టుకోమని ఇంతసేపూ చెప్పిన దానికి ఇదీ ఒక కారణం. కోసేసిన ముక్కల్ని ఒడ్డున పారేయకుండా వాటర్ బాటిల్‌లో కుక్కి ఇంటికి తెచ్చుకోండి. చెత్తలో వేసే ముందు చిన్న ముక్కలుగా కత్తిరించండి.

వెళ్ళాలనుకుంటే

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఒడ్డు మీద నుంచి గాలం వేయడానికి అది అడ్డు కాదు కానీ, ఆ రోజుల్లో తెప్ప ఎక్కించమని ఎవరినీ అడగొద్దు. రిజర్వాయర్లు, ఊరి చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సంఘాలకో లీజుదారులకో ఉంటుంది. ముందే అడిగి గాలం వేయండి. అడిగితే చాలా చోట్ల కాదనరు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం మొగ వైపు వెళ్ళొద్దు. విజయనగరం, శ్రీకాకుళం రెండు చోట్లా రూములు దొరుకుతాయి, అక్కడి నుంచి బండి మీద రోజుకో చోటు చూడొచ్చు. తెల్లారి తెప్పలొచ్చే వేళకి ఒడ్డున ఉంటే కానాగడతలు, సావిడాయిలు నేరుగా కొనుక్కోవచ్చు. గాలానికి ఏమీ పడకపోయినా మధ్యాహ్నం పులుసు ఖాయం.